మడమ మలుపు

మనిషి ధరించే వస్త్రాలలో మేజోడుకు దక్కిన గౌరవం చాలా తక్కువ. చీర అంచును, శాలువ పనితనాన్ని మెచ్చుకొనేవారు కూడా మేజోడును బూటులో దాచి మరచిపోతారు. చిరిగితే పారవేస్తారు. అయితే కుట్టుపనిలో ఆరితేరినవారిని సైతం తికమకపెట్టే ఒక చిక్కు ఈ అల్పవస్తువులోనే ఉంది. కాలు నిట్టనిలువుగా దిగివచ్చి, మడమ దగ్గర ఒక్కసారిగా ముందుకు తిరుగుతుంది. గొట్టంలా సాగివస్తున్న అల్లికను కత్తిరించకుండా, అతుకు వేయకుండా, మడత పడకుండా ఆ మలుపు తిప్పడం ఎట్లా? అంగడిలో కొద్దిపాటి డబ్బుకే మేజోళ్లు దొరుకుతున్న కాలంలో కూడా ప్రపంచంలో ఎందరో సూదులు పట్టుకొని కూర్చోవడానికి ఈ ప్రశ్నే ముఖ్యమైన ఆకర్షణ.

మగ్గంమీద నేసిన గుడ్డకు రెండు వరుసల నూలు కావాలి. నిలువుగా సాగేది పడుగు, అడ్డంగా దూరేది పేక. రెండూ తిన్నగా, బిగువుగా ఉంటాయి కనుక గుడ్డ అంతగా సాగదు. అల్లికకు ఒకే దారం చాలు. దారాన్ని సూదిమీద వంపుగా నిలిపి, ఆ వంపులోనుంచి మరొక వంపును లాగుతారు, దానిలోనుంచి ఇంకొకటి. ఒక్కొక్క వంపు ఒక్కొక్క కుట్టు. వంపును ముందువైపుకు లాగితే ఒక రకం కుట్టు, వెనుకవైపుకు లాగితే మరొక రకం. ఉత్తర భారతదేశంలోని ఇళ్లలో వీటిని సీదా, ఉల్టా అంటారు. అల్లికలో కనిపించే వింత వింత నమూనాలలో అధికభాగం ఈ రెండింటి కలయికలే. లాగినప్పుడు వంపులు విచ్చుకొంటాయి, వదిలినప్పుడు ముడుచుకొంటాయి. అందువల్లనే మేజోడు పాదాన్ని అంటిపెట్టుకొని ఉంటుంది. ఈ సుగుణం వెంటే ఒక దోషమూ ఉంది. ఒక్క కుట్టు సూదినుంచి జారిపోతే దాని కింది వరుసలన్నీ నిచ్చెన మెట్లలా విడిపోతూ పోతాయి.

పాదాన్ని నూలుతో కప్పుకొనే ఆలోచన చాలా పాతది. ఈజిప్టులోని ఆక్సిరింకస్ అనే చోట బయటపడిన ఒక జత ఎర్రని ఉన్ని మేజోళ్లు ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. అవి క్రీస్తుశకం 250, 420 మధ్యకాలానికి చెందినవని నిపుణుల అంచనా. చెప్పుల వారు పట్టడానికి వీలుగా బొటనవేలు ఒకవైపు, మిగిలిన వేళ్లు మరొకవైపు ఉండేటట్లు వాటి కొనను రెండుగా చీల్చి అల్లారు. చెప్పులు తొడిగే దేశంలో మేజోడు ఎట్లా ఉండాలో ఆ అల్లికదారుకు బాగా తెలుసు! బ్రిటిష్ మ్యూజియంలో ఇంచుమించు ఆ కాలంనాటిదే ఒక పసిబిడ్డ మేజోడు ఉంది. దానిమీది రంగురంగుల చారలను 2018లో శాస్త్రజ్ఞులు ప్రత్యేక కాంతి కిరణాలతో పరీక్షించి, ఎరుపు, నీలం, పసుపు రంగులనిచ్చే మూడు మొక్కలతోనే అన్ని ఛాయలూ సాధించారని కనుగొన్నారు. చలికి తాళలేని చిన్న కాలికోసం ఎవరో అంత శ్రమపడ్డారు. అయితే ఇవి రెండు సూదుల అల్లికలు కావు. పొట్టి దారపు ముక్కలను కంటిసూదిలో ఎక్కించి, ప్రతి వంపులోనూ దారాన్ని మొత్తంగా దూర్చి చేసిన పని అది. నేటి పద్ధతిలో అల్లిన పాత నమూనాలు కూడా ఈజిప్టులోనే దొరికాయి. నీలం, తెలుపు నూలుతో అల్లిన ఆ మేజోళ్లు పదకొండు, పద్నాలుగు శతాబ్దాల మధ్యవి.

ఒక వయోజనుని పాదానికి తగిన మేజోడును చేత్తో అల్లే తీరు చూస్తే అందులోని తెలివి అర్థమవుతుంది. రెండు కొనలూ మొనదేలిన సన్నని సూదులు ఐదు కావాలి. వాటి మందం రెండు, రెండున్నర మిల్లీమీటర్లకు మించదు. నూలు సాధారణంగా మూడుపాళ్లు ఉన్ని, ఒకపాలు నైలాన్ కలిసినది. 100 గ్రాముల ఉండలో సుమారు 400 మీటర్ల దారం ఉంటుంది. ఒక జతకు అది సరిపోతుంది. మొదట 64 కుట్లు ఎక్కించి, నాలుగు సూదులకు పదహారేసి పంచి, ఐదవ సూదితో గుండ్రంగా అల్లుకొంటూ పోతారు. పై అంచు పది పదిహేను వరుసలు రెండు సీదా, రెండు ఉల్టాగా సాగుతుంది. అక్కడ ఏర్పడే గాడులే మేజోడు కిందికి జారకుండా కాలిని పట్టి ఉంచుతాయి. ఆ తరువాత పిక్కనుంచి చీలమండ దాకా అంతా సీదాయే. ఇక్కడ చేతులు పనిచేస్తూ ఉంటే మనస్సు ఎటైనా తిరిగి రావచ్చు.

మడమ దగ్గర మాత్రం మనస్సు తిరిగి రావలసిందే. 64 కుట్లలో సగాన్ని, అంటే పాదం పైభాగానికి చెందిన 32 కుట్లను, కదపకుండా ఉంచుతారు. మిగిలిన 32 కుట్లమీద ముందుకూ వెనక్కూ 32 వరుసలు అల్లితే మడమ వెనుకభాగాన్ని కప్పే ఒక పలక తయారవుతుంది. ప్రతి వరుసలోనూ మొదటి కుట్టును అల్లకుండా ఊరక జరుపుతారు. అందువల్ల పలక రెండు అంచులలోనూ పదహారేసి గొలుసుకుట్లు తేరుతాయి. అసలు మలుపు ఆ తరువాతిది. వరుసను చివరిదాకా అల్లకుండా, నడుమ దాటి కొద్దిదూరం పోయి, రెండు కుట్లను ఒకటిగా కలిపి, మరొక కుట్టు అల్లి, ఉన్నచోటనే వెనుదిరుగుతారు. అటువైపు కూడా అంతే. వెనుదిరిగిన ప్రతిసారీ వరుస ఒక్కొక్క కుట్టు పొడవు పెరుగుతూ పోతుంది. నడిమిభాగంలో వరుసలు ఎక్కువ, అంచుల్లో తక్కువ. ఎక్కువైన చోట అల్లిక ఉబికి, బల్లపరుపుగా ఉన్న పలక ఆకుదొప్పలా గుంటగా మారుతుంది. ఈ పని ముగిసేసరికి 32 కుట్లు 18 అవుతాయి. వాటికి రెండు అంచుల గొలుసులనుంచి పైకెత్తిన 16, 16 కుట్లూ, పక్కన ఉంచిన 32 కుట్లూ కలిస్తే మొత్తం 82. వరుస విడిచి వరుసలో రెండేసి కుట్లు తగ్గిస్తూ పోతే తొమ్మిది తగ్గింపులకు మళ్లీ 64 వస్తాయి. గొట్టం తిరిగి గొట్టమవుతుంది. దిక్కు మాత్రం మారింది.

ఈ సూచనలను కాగితంమీద చదివినవారికి అవి అర్థంలేనివిగా తోచడం సహజం. నేర్చుకొనేవారిలో చాలామంది ఇక్కడే భయపడి ఆగిపోతారు. అర్థమైన తరువాత అల్లుదామనుకొన్నవారికి మడమ ఎన్నటికీ తిరగదు. చెప్పినట్లు అల్లుకొంటూ పోయినవారికి పదిపన్నెండు వరుసలు గడిచేసరికి అరచేతిలో దొప్ప కనిపించి, అప్పుడు అర్థం తెలుస్తుంది. చేతిపనులలో కొన్ని విషయాలను బుద్ధికంటె ముందు వేళ్లే గ్రహిస్తాయి.

ఔత్సాహికుల కష్టాలు మడమతో తీరవు. బిగువుగా అల్లే అలవాటున్నవారి మేజోడు మడమను దాటి పైకి రాదు. వదులుగా అల్లేవారిది గోనెసంచిలా వేలాడుతుంది. అందుకే అనుభవజ్ఞులు ముందుగా అరచేయంత ముక్క అల్లి, పది సెంటీమీటర్లకు ఎన్ని కుట్లు పడుతున్నాయో లెక్కించుకొంటారు. తొందరపాటుగలవారు ఆ ముక్కను దండగగా భావించి, ఆపైన మేజోడు మొత్తం విప్పుతారు. ఇంకొక ఆపద ఉతుకు దగ్గర పొంచి ఉంటుంది. ఉన్ని పోచకు చేపకున్నట్లు సన్నని పొలుసులుంటాయి. వేడినీటిలో సబ్బుతో రుద్దినప్పుడు ఆ పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకొని, అల్లిక ముద్దకట్టి కుంచించుకుపోతుంది. పెద్దల మేజోడు పసివాడికి సరిపోయే కొలతకు వస్తుంది. దానిని వెనుకటి స్థితికి తేవడం ఎవరితరమూ కాదు. వీటన్నిటికంటె చిత్రమైనది రెండవ మేజోడు సమస్య. ఒక్కొక్క దానికి సుమారు పదివేల కుట్లు పడతాయి. మొదటిది పూర్తికాగానే కుతూహలం తీరిపోతుంది. అదే పనిని అంకెంకెకూ తిరిగి చేయడానికి ఉత్సాహం చాలక ఒంటి మేజోళ్లను పెట్టెలో దాచుకొన్నవారు కోకొల్లలు.

కాలివేళ్ల దగ్గర మేజోడును మూసే విధానానికి ఒక సేనాని పేరు నిలిచింది. మొదటి ప్రపంచయుద్ధంలో నీటితో, బురదతో నిండిన కందకాలలో దినాల తరబడి నిలిచిన సైనికుల పాదాలు చీముపట్టి కుళ్లిపోయేవి. పొడిమేజోళ్లు మార్చుకోవడమే దానికి ప్రధాన నివారణ. అందువల్ల బ్రిటన్‌లోనూ, అమెరికాలోనూ స్త్రీలు, బడిపిల్లలు, వృద్ధులు సైన్యంకోసం మేజోళ్లు అల్లారు. కొన దగ్గర కుట్టు ఉబ్బెత్తుగా ఉంటే నడిచేటప్పుడు వేళ్లను ఒరుస్తుంది. మిగిలిన రెండు వరుసల కుట్లను కంటిసూదితో, అల్లిక వంపులను అనుకరిస్తూ, అతుకు కనిపించకుండా కలిపే పద్ధతిని నేటికీ బ్రిటిష్ యుద్ధమంత్రి లార్డ్ కిచ్‌నర్ పేరుతోనే పిలుస్తున్నారు. దానిని ఆయనే కనిపెట్టాడనే మాటను మాత్రం కథగానే స్వీకరించడం మంచిది.

మేజోడు చరిత్రలో అల్లికదారుల ఆకలికథ కూడా ఉంది. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌షైర్‌కు చెందిన విలియం లీ 1589లో మేజోళ్లు అల్లే యంత్రాన్ని రూపొందించాడు. చేతి అల్లికతో బ్రతికే పేదల నోటి దగ్గర కూడు పోతుందని ఎలిజబెత్ రాణి అతనికి హక్కుపత్రం నిరాకరించిందని చెబుతారు. లీ ఫ్రాన్సుకు వెళ్లి అక్కడే మరణించాడు. యంత్రం మాత్రం ఇంగ్లండుకు తిరిగి వచ్చి స్థిరపడింది. రెండు శతాబ్దాలు గడిచాక, 1811లో, ఆ యంత్రాలమీద పనిచేసే నాటింగ్‌హామ్ కార్మికులే వాటిని పగులగొట్టసాగారు. కూలి తగ్గిపోవడం, నాసిరకపు చౌక సరుకు పెరగడం వారి కోపానికి కారణాలు. యంత్రాలను ధ్వంసం చేసినవారికి మరణశిక్ష విధించే బిల్లు వచ్చినప్పుడు కవి బైరన్ 1812 ఫిబ్రవరిలో ప్రభువుల సభలో చేసిన తన తొలి ప్రసంగంలోనే దానిని వ్యతిరేకించాడు. అయినా బిల్లు చట్టమైంది.

యంత్రం గెలిచిన తరువాత చేతి అల్లికకు జీవనోపాధి విలువ చాలావరకు పోయింది. అలవాటుపడిన చేతులకు కూడా ఒక జత అల్లడానికి పదిహేను, ఇరవై గంటలు పడుతుంది. మంచి నూలు ఉండ ఖరీదుతో అంగడిలో పలుజతలు కొనవచ్చు. ఈ లెక్క తెలిసి అల్లేవారిని వెర్రివారనుకోవడం తేలిక. కాని వారు వస్తువు ధరను లెక్కించడం లేదు. అమ్మనవసరం లేని పని గనుకనే వారు విప్పగలరు, మళ్లీ అల్లగలరు, ఆరు నెలలు పక్కన పెట్టగలరు. చిన్న కళారూపాలలో కూడా ఇటువంటి ధోరణే కనిపిస్తుంది. స్విట్జర్లాండులోని జూరిచ్‌లో ఎం. వాంచి స్టిర్నెమన్ అనే కళాకారుడు 1997లో పేకముక్కంత కార్డులమీద బొమ్మలు వేసి, ఇతరులను కూడా వేయమని ఆహ్వానించాడు. వాటి కొలత 64 మిల్లీమీటర్ల వెడల్పు, 89 మిల్లీమీటర్ల పొడవు. వాటిని అమ్మరాదు, ఒకరితో ఒకరు మార్చుకోవాలి. రంగు, దారం, గుడ్డపీలిక, ఆకు, ఏదైనా ఆ చిన్న చోటులో ఇమడవచ్చు. మేజోడు ముగిశాక మిగిలిన మూరెడు నూలు కూడా అటువంటి కార్డుమీద కొండ అంచుగానో, ఏటి గట్టుగానో మారుతుంది. పెద్ద చిత్రానికి చెయ్యి వణికేవారు ఇంత చిన్నదానికి జంకరు. చెడిపోతే పోయేది ఒక కాగితపు ముక్క.

ఆ స్వేచ్ఛ అందరిదీ కాదు. ఉన్ని మేజోళ్ల అవసరం అంతగా లేని గోదావరి డెల్టాలో ఇటువంటిదే మరొక విద్య ఉంది. పందొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన లేసు అల్లిక నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాల స్త్రీల చేతుల్లో స్థిరపడింది. కొక్కెపు మొనగల ఒంటి సూది, నూలుదారం దాని సాధనాలు. అది వారికి కాలక్షేపం కాదు, సంపాదన. జర్మన్ సమాజశాస్త్రవేత్త మరియా మీస్ వారిని పరిశీలించి 1982లో ఒక గ్రంథం ప్రకటించారు. విదేశాలకు ఎగుమతి అయ్యే సరుకును గంటల తరబడి అల్లుతున్న ఆ స్త్రీలను సమాజం కేవలం గృహిణులుగా చూడడం, వారి శ్రమను తీరికవేళల పనిగా జమకట్టడం తక్కువ కూలికి ఎట్లా దారితీసిందో ఆమె చూపించారు. ఒక దేశంలో నిజంగా తీరికపని అయినది మరొక చోట తీరికపని అనే పేరుతో చౌకబారింది. నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ స్త్రీలు అల్లే రంగురంగుల ఉన్ని మేజోళ్లకు, చేతితొడుగులకు ఆ గుర్తింపు 2021లోనే వచ్చింది. ఈ గుర్తింపు సరుకు పేరును నకిలీలనుంచి కాపాడుతుంది. అల్లినవారికి ముట్టే కూలిని నిర్ణయించే అధికారం దానికి లేదు.

చేత్తో అల్లిన మేజోడు కూడా అరుగుతుంది. బూటు ఒరిపిడికి తరచుగా ముందు చిరిగేది మడమే. కొన్నదైతే చెత్తబుట్టకు పోతుంది. అల్లినవారు మాత్రం దానిని రఫ్ఫు చేస్తారు. పుట్టగొడుగు ఆకారంలో ఉండే చెక్కముక్కను మేజోడులో దూర్చి, చిరుగును దానిమీద పరచి, చుట్టూ గట్టిగా ఉన్న కుట్లను ఆధారం చేసుకొని మొదట నిలువుదారాలు వేస్తారు. తరువాత ఒకదాని పైనుంచి, ఒకదాని కిందినుంచి అడ్డదారాలు దూరుస్తారు. ఒకే దారంతో పుట్టిన మేజోడుకు ఆ చిన్న చోట పడుగూ పేకా వచ్చి చేరతాయి. సరిపోయే రంగు నూలు లేకపోతే వేరే రంగుదే వాడతారు.