పాత కంపెనీ ఫారం 16 ఇవ్వట్లేదా? అయితే ఇది చదవండి

జాబ్ మారేటప్పుడు అందరికీ గుర్తుండేవి మూడే. రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియెన్స్ లెటర్, పీఎఫ్ ట్రాన్స్‌ఫర్. ఫారం 16 సంగతి జూన్ వచ్చాకే గుర్తొస్తుంది. అప్పటికి పాత ఆఫీసు మెయిల్ ఐడీ పోయి నెలలవుతుంది. పేరోల్ పోర్టల్ లాగిన్ ఆ మెయిల్‌కే లింకై ఉంటుంది. పాస్‌వర్డ్ రీసెట్ కొడితే ఓటీపీ వెళ్లేదీ అక్కడికే. హెచ్‌ఆర్‌లో మనకి తెలిసినావిడ కూడా ఈపాటికి ఇంకో కంపెనీలో ఉంటుంది!

ముందు ఒక మాట స్పష్టంగా తెలుసుకోండి. ఫారం 16 కంపెనీ దయతలచి ఇచ్చేది కాదు. మీ జీతంలోంచి టీడీఎస్ కట్ చేస్తే సర్టిఫికెట్ ఇచ్చి తీరాలి. 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 203 చెప్పేది అదే. గడువు జూన్ 15. కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చినా, 2025-26 జీతాలకి పాత చట్టమే వర్తిస్తుంది. ఆలస్యం చేస్తే కంపెనీకి రోజుకి రూ.500 జరిమానా పడొచ్చు, కట్ చేసిన టీడీఎస్ మొత్తం దాటకుండా.

‘నోటీస్ పీరియడ్ పూర్తిగా సర్వ్ చేయలేదు, లాప్‌టాప్ ఇవ్వలేదు, అందుకే ఆపాం’ అనే కంపెనీలు ఉన్నాయి. ఆ గొడవ వేరు, ఇది వేరు. మీరు నోటీస్ పీరియడ్ డబ్బులు బాకీ ఉన్నా సరే, ఫారం 16 ఆపే హక్కు వాళ్లకి చట్టంలో ఎక్కడా లేదు. మెయిల్‌లో ఈ ముక్క మర్యాదగానే రాయండి, చాలాసార్లు అక్కడితో పని అయిపోతుంది. ఆ మెయిల్‌లో పాన్, ఎంప్లాయీ ఐడీ, పనిచేసిన తేదీలు, పర్సనల్ మెయిల్ ఐడీ ఉండాలి. హెచ్‌ఆర్‌తో పాటు ఫైనాన్స్ వాళ్లనీ సీసీలో పెట్టండి. అసలు పని చేసేది వాళ్లే.

వచ్చిన పీడీఎఫ్‌ని కూడా కాస్త చూసుకోవాలి. పార్ట్ ఏ అనేది ట్రేసెస్ పోర్టల్ నుంచే డౌన్‌లోడ్ అవ్వాలి, దాని మీద సర్టిఫికెట్ నంబర్ ఉంటుంది. ఎక్సెల్‌లో టైప్ చేసి స్టాంప్ కొట్టి పంపితే అది ఫారం 16 కాదు. మనమే ట్రేసెస్‌లోకి వెళ్లి దించుకుందామంటే కుదరదు, ఆ సౌకర్యం కంపెనీకే ఉంది.

మరి అది రాకపోతే రిటర్న్ ఆగిపోతుందా? అక్కర్లేదు. ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో మీ 26ఏఎస్, ఏఐఎస్ తీయండి. ఏ కంపెనీ ఎంత జీతం చూపించింది, ఎంత టాక్స్ కట్టింది, దాని టాన్ నంబర్ ఏంటి, అన్నీ అందులో ఉంటాయి. వాటిని పేస్లిప్‌లతో సరిచూసుకుని రిటర్న్ వేసేయొచ్చు. రిటర్న్‌కి ఏ కాగితమూ జతచేయాల్సిన పని లేదు.

ఇప్పుడు మన ఫీల్డ్‌లో చాలామంది గమనించని లెక్క ఒకటి. 2025-26లో ఒకరు మొదటి ఆరు నెలలు నెలకి లక్ష చొప్పున ఒక కంపెనీలో, తర్వాతి ఆరు నెలలు లక్షా 30 వేల చొప్పున ఇంకో కంపెనీలో చేశారనుకుందాం. కొత్త పన్ను విధానం. పాత కంపెనీ ఏడాదికి 12 లక్షలని లెక్కేసింది. రూ.75 వేల స్టాండర్డ్ డిడక్షన్ తీస్తే 11.25 లక్షలు, రిబేట్‌తో టాక్స్ సున్నా. కొత్త కంపెనీకి కనిపించేది 7.8 లక్షలే, అక్కడా సున్నా. కానీ రెండూ కలిపితే 13.8 లక్షలు. డిడక్షన్ ఒక్కసారే వస్తుంది కాబట్టి 13.05 లక్షల మీద టాక్స్, సెస్సుతో కలిపి రూ.78,780. ఎవరూ రూపాయి కట్ చేయలేదు! మొత్తం జేబులోంచి కట్టాలి, పైన వడ్డీ. టీడీఎస్ కట్ కాలేదు కాబట్టి ఇక్కడ ఫారం 16 ఇవ్వాలన్న నిర్బంధం కూడా కంపెనీలకి లేదు. జాయినింగ్‌లో ఫారం 12బీ నింపి పాత జీతం వివరాలు ఇస్తే, కొత్త కంపెనీయే నెలనెలా సర్దుతుంది.

ఇంతకంటే దారుణం ఇంకోటుంది. మా రూమ్మేట్ పనిచేసిన ఒక స్టార్టప్ పేస్లిప్‌లో నెలకి రూ.9 వేలు టీడీఎస్ చూపించేది. ఫండింగ్ ఆగిపోయాక ఆఫీసు ఖాళీ చేశారు. జూన్‌లో 26ఏఎస్ తీస్తే చివరి ఆరు నెలలు ఖాళీ. అంటే రూ.54 వేలు వీడి జీతంలోంచి పోయాయి, ప్రభుత్వానికి చేరలేదు. ఫౌండర్‌కి ఫోన్ చేస్తే ‘బ్రో, నెక్స్ట్ వీక్’ అంటాడు. ఆ వీక్ ఎప్పటికీ రాదు.

రిటర్న్‌లో మొత్తం టీడీఎస్ క్లెయిమ్ చేస్తే, ఊహించినట్టే డిమాండ్ నోటీస్ వచ్చింది. భయపడి చాలామంది మళ్లీ కట్టేస్తారు. అక్కర్లేదు. జీతంలోంచి టాక్స్ కట్ అయిపోతే ఆ మేరకు ఉద్యోగిని మళ్లీ అడగకూడదని సెక్షన్ 205 చెబుతోంది. ఇలాంటి కేసుల్లో బలవంతపు వసూళ్లు వద్దని సీబీడీటీ 2015లోనే అధికారులకి ఆదేశాలిచ్చింది. కట్ చేసి కట్టకపోవడం కంపెనీ మీద క్రిమినల్ కేసు పెట్టదగ్గ నేరం. వాడు పోర్టల్‌లో డిమాండ్‌కి ‘డిజగ్రీ’ కొట్టి, పేస్లిప్‌లు, బ్యాంక్ స్టేట్‌మెంట్ అప్‌లోడ్ చేశాడు. చట్టం మన పక్కనే ఉంది, కంప్యూటర్ మాత్రం ఉండదు. ఆ డిమాండ్ ఇప్పటికీ స్క్రీన్ మీద కనిపిస్తూనే ఉంది, దాంతో తర్వాత వచ్చే రిఫండ్‌లు అందులోకి సర్దుబాటు అయ్యే చికాకు తప్పదు.

కంపెనీ అస్సలు పలకకపోతే, ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లోనే ‘నో టాన్ డీటెయిల్స్’ అని ఉంటుంది. కంపెనీ టాన్ కొడితే అది ఏ అధికారి పరిధిలో ఉందో తెలుస్తుంది. మీరు పంపిన మెయిల్స్, పేస్లిప్‌లు జతచేసి ఆ టీడీఎస్ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. పోర్టల్‌లో గ్రీవెన్స్ కూడా వేయొచ్చు.

ఇప్పుడు నోటీస్ పీరియడ్‌లో ఉన్నవాళ్లకి పది నిమిషాల పని: పేరోల్ పోర్టల్‌లో మెయిల్ ఐడీ పర్సనల్‌కి మార్చండి, పేస్లిప్‌లన్నీ ఫోన్‌లోకి దించుకోండి, 26ఏఎస్‌లో ప్రతి త్రైమాసికం టీడీఎస్ పడిందో లేదో చూడండి. లాస్ట్ వర్కింగ్ డే సాయంత్రం దాకా ఆగితే లాగిన్ పనిచేయకపోవచ్చు.