కొండకు కాలిబాట

తిరుపతి పట్టణమునకు ఉత్తరమున గోడవలె నిలిచియున్న శేషాచలమును మోటారుబండి కిటికీలోనుండి చూచుట వేరు, కాళ్లతో నెరుగుట వేరు. మార్గశిరమాసమున నొక యుదయమున మేము నలుగురము అలిపిరి పాదాలమండపము కడ బయలుదేరితిమి. అచ్చట భక్తులు పాదుకలను తలపై నుంచుకొని ప్రదక్షిణము చేయుచుండిరి. ఒక ముదుసలి యిల్లాలు ప్రతి మెట్టునకును పసుపు కుంకుమల నద్ది, నడుము పట్టుకొని పైమెట్టు నెక్కుచుండెను. మెట్లు 3,550, దూరము సుమారు 9 కిలోమీటర్లు. ఆమె యేవేళకు పైకి చేరెనో మే మెరుగము. మమ్ము దాటి పోయిన పట్టణపు కుర్రవారు మాత్రము మేము సగము దారిలో నుండగనే దర్శనపు వరుసలో నిలిచియుందురు.

గాలిగోపురము వఱకు నూపిరి సలుపనీయని యెక్కుడు. అది దాటినపిదప బాట చదునై యడవిలో జొచ్చును. ఎర్రచందనము ప్రపంచమున సహజముగ పెరుగు తావు తూర్పుకనుమల యీ దక్షిణభాగమే గదా. రాతి సంగతి యింకను విచిత్రము. కనుమదారి చరియలో క్రింది పురాతన శిలకును, పైనున్న యెర్రని బండలకును నడుమ నొక గీత కనబడును. ఆ రెండింటి నడుమ సుమారు 80 కోట్ల యేండ్లు గడచినవని భూగర్భశాస్త్రజ్ఞుల లెక్క. పైకి పోవుకొలది మోకాళ్లమెట్టు వచ్చును. రామానుజాచార్యులు పాదము మోప వెరచి మోకాళ్లతో నెక్కిరనియు, బాలుడైన అన్నమయ్య యాకలిచే సొమ్మసిల్లి యిచ్చటనే పడెననియు పెద్దలు చెప్పుదురు. కథ యెట్లున్నను, ఆ మెట్ల నెక్కిన మోకాలు దానిని నమ్మక మానదు.

1944లో మొదటి కనుమదారి, 1974లో రెండవది ఏర్పడినవి. వృద్ధులకును రోగులకును వానివలన గలిగిన మేలు గొప్పది. వానిని నిందించుట మా యుద్దేశము కాదు. పూర్వము నడువలేని ధనికుని డోలీలో మోసిన పేదల భుజముల సంగతి యీ మెట్లకు తెలియును. కాని వేగము పెరిగినకొలది కాలిబాట పాతవారి మ్రొక్కుబడిగ మాత్రమే మిగులునేమో యని యొక సందేహము. చంద్రగిరి వైపునుండి యెక్కు శ్రీవారిమెట్టు 2021 నవంబరు వర్షములకు కొట్టుకొనిపోగా, 2022 మే నెలలో మరల తెరచిరి. వరద చెరచినదానిని రాయి పేర్చి బాగుచేయవచ్చును. భయము చెరచినదాని నెట్లు బాగుచేయుట?

2023 జూనులో అలిపిరి బాటపై చిరుత యొక బాలుని నోట కరచుకొనిపోయి విడిచినది, వాడు బ్రతికెను. ఆగస్టులో నారేండ్ల బాలిక నడకదారినుండియే యదృశ్యమై, మరునాడు శవమై కనబడినది. ఆ తల్లిదండ్రుల దుఃఖము ముందర ఏ వాదమును నిలువదు. పిమ్మట పలు చిరుతలను బోనులలో పట్టిరి. యాత్రికులకు చేతికఱ్ఱ లిచ్చిరి. పదునైదేండ్లలోపు పిల్లలను మధ్యాహ్నము రెండు గంటల తరువాత పంపరాదని కట్టడి చేసిరి. కఱ్ఱను జూచి నవ్వినవారున్నారు. మాకు నవ్వు రాలేదు. చీకటి దారిలో బిడ్డ చేయి పట్టుకొన్న తండ్రికి రెండవ చేతిలో నేదో యొకటి యుండవలెను.

అయినను పట్టిన చిరుత స్థానమున మరియొకటి వచ్చును, అడవి దానిదే. 1989లో దీనిని జాతీయోద్యానముగ ప్రకటించినది మనమే. విచారింపవలసినది మన బాట మెట్లున్నదని. బాటప్రక్క పారవేసిన తినుబండారములకు కుక్కలు, పందులు చేరును. వానికై చిరుత పొంచును. జింకలకు చేతితో మేత పెట్టు యాత్రికుని దయ తరువాతి యాత్రికుని ప్రాణమునకు వచ్చును. అంగళ్లవారు వ్యర్థముల నేరోజు కారోజు క్రిందికి దింపవలెను. మరియు మృగములు నీటికై దాటు వంకల కడ మన మెట్లదారిని కంబములపై నెత్తి వంతెనలుగ కట్టినయెడల, పైన మనుష్యుడు, క్రింద మృగము, ఎవరి త్రోవ వారిదై యుండును. కంచె మాత్రమే వేసినచో నడవి రెండుగ తెగును; నీటికై బయలుదేరిన జంతువు కంచె తెగినచోటు వెదకికొని మరల మన మెట్లమీదికే వచ్చును. వ్యయ మధికమందురేమో. కొండపై మేడలు కట్టుటకు వ్యయము చాలుచున్నది గదా!

సాయంకాలము దర్శనమైన పిదప చక్రతీర్థము దారిలో శిలాతోరణమును చూడబోతిమి. గాలియు నీరును తొలిచిన యెర్రని బండ, రమారమి 25 అడుగుల పొడవు, 10 అడుగుల యెత్తు. కొండశిఖరమున నెవరును కట్టని వంతెన. దానిపై నడువనీయరు, చుట్టును కంచె గలదు. మేము చూచుచుండగనే యొక కోతి, పిల్లను కడుపున కఱచుకొని, ఆ తోరణము క్రిందుగ ఆవలికి పోయినది.