చేయి చాచే ధైర్యం

ఒంటిమిట్ట పేరు వినగానే కోదండరాముని కోవెల, ఏకశిలలో మలచిన మూర్తులు, పోతనామాత్యుని గూర్చి అక్కడివారు చెప్పుకొనే కథలు స్ఫురించని తెలుగువారు అరుదు. ఆ క్షేత్రచరిత్రలోనే మరొక మహనీయుని వృత్తాంతం ఉన్నది. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులుగా పనిచేసి, వాల్మీకి రామాయణాన్ని తెనిగించి, ఆంధ్ర వాల్మీకిగా పేరుగాంచిన వావిలికొలను సుబ్బారావుగారు (1863-1936) ఈ ఆలయోద్ధరణకై టెంకాయచిప్ప చేతబట్టి భిక్షాటనం చేసినారు. అంతటి విద్వాంసుడు పదిమంది ముందు చేయి చాచుటను చిన్నతనంగా తలపలేదు. తన ఒక్కని బలానికి మించిన కార్యం ఎదురైనప్పుడు సాయం కోరుట దైన్యం కాదనీ, అదియే ధైర్యమనీ ఆ చిప్ప మనకు బోధిస్తున్నది.

ఈ మాటను ఇప్పుడు జ్ఞప్తికి తెచ్చుకొనుటకు కారణం లేకపోలేదు. కడప-తిరుపతి మార్గంలో ఒంటిమిట్ట మీదుగా సాగే బస్సులలో యాత్రికులే కాదు, తిరుపతికో, వేలూరుకో, చెన్నైకో వైద్యానికి పోయే క్యాన్సరు రోగులూ ఉంటారు. ఏమి జబ్బని పక్కవారు అడిగితే, కడుపునొప్పి అనో నీరసమనో చెప్పి మాట దాటవేస్తారు. అది అంటుకొంటుందని లోకులు దూరమవుతారేమోనన్న జంకు; పూర్వజన్మ పాపమంటారేమోనన్న సిగ్గు; ఇంట పెళ్ళికెదిగిన పిల్ల ఉంటే సంబంధం తప్పిపోతుందేమోనన్న దిగులు. క్యాన్సరు అంటువ్యాధి కాదు, పాపఫలమూ కాదు. అయినను ఆ పేరు ఇంట్లో వినిపించదు. ఇంటిల్లిపాదికీ తెలుసు, రోగికీ తెలుసు. తెలియనట్లు అందరూ నటిస్తారు. ఆ నటనలో రోగి ఒంటరివాడవుతాడు.

ఈ మౌనాన్ని ఛేదించిన తెలుగువారిలో అక్కినేని నాగేశ్వరరావుగారు ముఖ్యులు. 2013 అక్టోబరులో ఆయనే విలేకరులను పిలిచి, తనకు క్యాన్సరు వచ్చినదని చెప్పి, ప్రజల ఆశీస్సులు కోరినారు. శస్త్రచికిత్స అనంతరం 'మనం' చిత్రంలోని తన పాత్రకు ఇంటివద్దనుండియే గళమిచ్చినారు. 2014 జనవరి 22న కన్నుమూసినారు. చిత్రం మే 23న వెలువడినది. ఆయన ధైర్యం వ్యాధిని జయించలేదు. కాని మిగిలిన దినాలను వ్యాధికి అప్పగించక తన పనికే దక్కించుకొన్నది.

ఇక్కడ మనం ఒక పొరపాటు చేయరాదు. "ఆయనవలె ధైర్యంగా ఉండు, రోగం అదే పోతుంది" అని రోగికి హితవు చెప్పేవారు ఎందరో. శాస్త్రం అట్లా చెప్పుట లేదు. 1999లో లాన్సెట్ పత్రికలో మ్యాగీ వాట్సన్ బృందం ప్రకటించిన పరిశోధన ఒకటి ఉన్నది. వారు రొమ్ము క్యాన్సరు తొలిదశలో ఉన్న 578 మంది స్త్రీలను అయిదేండ్లు పరిశీలించినారు. పోరాడి తీరుతామన్న పట్టుదల ఆయుర్దాయాన్ని పెంచినట్లు కనబడలేదు. తీవ్రమైన నిస్సహాయత, కుంగుబాటు ఉన్నవారికి మాత్రం ముప్పు అధికంగా ఉన్నట్లు తేలినది. కనుక ఏడ్చినవాడు వ్యాధి ముందు ఓడినవాడు కాడు. కాని కుంగిపోయినవానిని అట్లే విడిచిపెట్టుటయూ తగదు.

క్యాన్సరు రోగుల మనోవేదనను వైద్యంలో అంతర్భాగం చేయుటకు మార్గం వేసినవారు జిమ్మీ హాలండ్. 1977లో న్యూయార్కులోని స్లోన్ కెట్టరింగ్ క్యాన్సరు కేంద్రంలో ఆమె మానసిక వైద్యవిభాగానికి అధ్యక్షురాలైనారు. ఎప్పుడూ ఉల్లాసంగానే ఉండి తీరవలెనన్న నిర్బంధం రోగికి మరొక బరువవుతుందని ఆమె హెచ్చరించినారు. జ్వరాన్ని కొలిచినట్లు మనసులోని బాధను సున్న నుండి పది వరకు రోగి చేతనే గుర్తింపజేసే పద్ధతి కూడా నేడు వాడుకలో ఉన్నది. నాలుగు గాని, అంతకు మించి గాని గుర్తిస్తే మరింత విచారించి, తగిన సాయం చేయవలసి ఉంటుంది. రెండు వారాలకు పైగా దేనియందూ ఆసక్తి లేకపోవుట, నిద్ర పట్టకపోవుట, బ్రతుకు వ్యర్థమని తోచుట కుంగుబాటు లక్షణాలు. దానికి చికిత్స ఉన్నది. 2022 అక్టోబరులో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 సంఖ్యపై ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును.

ఉపాధ్యాయ సోదరులకు ఒక మనవి. మీ తరగతిలో ఒక పిల్లవాడు హఠాత్తుగా మందకొడి కావచ్చును, పాఠం అప్పగించలేకపోవచ్చును. దండించే ముందు ఏకాంతంలో ఒక్క ప్రశ్న అడగండి: "ఇంట్లో అందరూ బాగున్నారా, నాయనా?" తల్లికి జబ్బు చేస్తే తన అల్లరివల్లనే అని పసిమనసు అనుకొనుట కద్దు. ఆ తప్పు నీది కాదని చెప్పేవారు ఆ బిడ్డకు కావలె. విద్యార్థులారా! అట్టి స్నేహితునికి మీరు ధర్మోపన్యాసం చేయనక్కరలేదు. వాడు రాని దినాల పాఠాలు వ్రాసి ఇవ్వండి; సాయంత్రం ఆటకు పిలవండి.

ముత్తులక్ష్మీరెడ్డిగారు తన చెల్లెలిని క్యాన్సరుకు కోల్పోయినారు. ఆ దుఃఖాన్ని గుండెలోనే దాచుకొనక, నలుగురి తోడ్పాటు కోరి, 1954లో మద్రాసులోని అడయారున క్యాన్సరు సంస్థను నెలకొల్పినారు. అందరూ ఆసుపత్రులు కట్టలేరు. కాని రోగి నోరు విప్పినప్పుడు మాట మార్చక, కడవరకు వినుట మనలో ఎవరికైనను సాధ్యమే.