పదేళ్ల చదువు, ఏడాది కాంట్రాక్టు

బ్రూస్‌లీ, జాకీచాన్ సినిమాలు ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ చిన్న పట్టణాల టాకీసుల్లో బాగా ఆడాయి. ప్రేక్షకులకు ఆ భాష రాదు, ఆ దేశం తెలియదు. అయినా ఫైట్ల కోసం జనం ఎగబడ్డారు. హాంకాంగ్‌లో తీసిన సినిమా ఎన్ని చేతులు మారి ఇక్కడి తెర మీదికి వచ్చింది, దాన్ని ఎవరు చూశారు, ఎలా చూశారు అన్నది పరిశోధించదగ్గ విషయమని చాలాకాలం ఎవరికీ తోచలేదు. తెలుగు సినిమా మీద, అభిమాన సంఘాల మీద పనిచేసిన పరిశోధకుడు ఎస్.వి. శ్రీనివాస్ దాన్ని పట్టించుకున్నారు. భారతదేశపు బి సర్క్యూట్‌లో, అంటే ఇలాంటి చిన్న పట్టణాల హాళ్లలో, హాంకాంగ్ యాక్షన్ సినిమా గురించి ఆయన రాసిన వ్యాసం 2003లో ‘ఇంటర్-ఏషియా కల్చరల్ స్టడీస్’ అనే పత్రికలో అచ్చయింది.

ఆ పత్రిక పుట్టింది 2000లో. తైవాన్‌కు చెందిన చెన్ క్వాన్-షింగ్, సింగపూర్‌కు చెందిన చువా బెంగ్ హువాత్ దాన్ని నడిపిన ముఖ్యుల్లో ఉన్నారు. వాళ్ల ఉద్దేశం సూటిగా చెప్పుకోదగ్గది. సియోల్‌లో చదివే విద్యార్థి అమెరికా పుస్తకాలు చదువుతాడు. హైదరాబాద్‌లో చదివే అమ్మాయి కూడా అవే చదువుతుంది. ఇండోనేషియాలో ఏం జరుగుతోందో ఇద్దరికీ తెలియదు, ఒకరి సంగతి ఒకరికి అసలే తెలియదు. ఆసియా వాళ్లు లండన్, న్యూయార్క్‌ల మీదుగా చుట్టు తిరగకుండా ఒకరినొకరు నేరుగా చదువుకోవాలన్నదే ఆ ప్రయత్నం. జపాన్ ఆలోచనాపరుడు తకేఉచి యోషిమి 1960లోనే ‘ఆసియా ఒక పద్ధతిగా’ అంటూ ఒక ప్రసంగం చేశారు. జపాన్ తనను పాశ్చాత్య దేశాలతోనే పోల్చుకుంటే సరిపోదని, చైనా, భారత్‌ల అనుభవం పక్కన కూడా పెట్టి చూసుకోవాలని అందులో వాదించారు. యాభై ఏళ్ల తర్వాత, 2010లో చెన్ తన పుస్తకానికి అదే పేరు పెట్టుకున్నారు. ఈ పత్రిక చుట్టూ ఏర్పడిన బృందం సదస్సులు 2011లో ఢాకాలో, 2015లో సురబయాలో, 2019లో ఫిలిప్పీన్స్‌లోని డుమగెటెలో జరిగాయి.

ఇలాంటి చదువులో ఏముంటుందో ఒక ఉదాహరణతో తెలుస్తుంది. జపాన్‌లో అమ్మాయిలు చదివే ఒక బొమ్మల కథను 2001లో తైవాన్ టీవీ వాళ్లు ‘మీటియర్ గార్డెన్’ అనే సీరియల్‌గా తీశారు. 2003లో అది ఫిలిప్పీన్స్‌ను ఊపేసింది. 2005లో జపాన్ వాళ్లు, 2009లో కొరియా వాళ్లు అదే కథను మళ్లీ తీశారు. పేదింటి అమ్మాయి, బాగా డబ్బున్న కుర్రాడు, ఖరీదైన కాలేజీ. ఒకే కథ ఇన్ని దేశాల్లో ఎందుకు పండింది? చదువు డబ్బున్నవాళ్ల సొత్తు అవుతున్న కాలం గురించి అది ఏం చెబుతోంది? ఇవి యువ పరిశోధకులు అడిగే ప్రశ్నలు.

మణిపూర్ సంగతి ఇంకా ఆసక్తికరం. 2000లో అక్కడి ఒక సాయుధ సంస్థ హిందీ సినిమాల ప్రదర్శనను నిషేధించింది. ఆ ఖాళీలోకి కొరియన్ సీరియళ్లు వచ్చాయి. ఇంఫాల్ యువతీయువకుల జుట్టు కత్తిరింపు నుంచి పలకరింపు దాకా వాటి ముద్ర పడింది. దీన్ని సరిగ్గా రాయాలంటే అక్కడి మైతేయి భాష రావాలి, కొరియన్ రావాలి, ఇంఫాల్ వీధుల్లో నెలల తరబడి తిరగాలి. ఏడాదిలో తేలే పని కాదు. ఆసియాను నేరుగా చదివే ఈ రంగం సంకటమంతా ఇక్కడే ఉంది.

సంక్షోభం వచ్చిన ఏడు

ఆసియాను ఆసియా వాళ్లే చదవాలన్న ఉత్సాహం, ఆ చదువుకు కావలసిన తీరిక కరిగిపోవడం దాదాపు ఒకే కాలంలో మొదలయ్యాయి. 1997 జులైలో థాయిలాండ్ కరెన్సీ కుప్పకూలింది. ఆ ఏడాది డిసెంబర్‌కల్లా దక్షిణ కొరియా అంతర్జాతీయ ద్రవ్యనిధి ముందు చేయి చాచాల్సి వచ్చింది. అప్పుతో పాటు షరతులూ వచ్చాయి. ఉద్యోగులను తీసేయడం తేలికైంది. విద్య, వైద్యం వంటి వాటిని కూడా లాభనష్టాల లెక్కతో చూడటం, పోటీ పెట్టి నెగ్గినవారికే నిధులివ్వడం, శాశ్వత కొలువుల చోట కాంట్రాక్టులు తేవడం. ఈ ధోరణినే నయా ఉదారవాదం అంటున్నారు. సంక్షోభం రాని దేశాల్లో కూడా అది వేర్వేరు దారుల్లో విశ్వవిద్యాలయాల గేటు దాటింది.

కొరియాలో ప్రభుత్వం 1999లో ‘బ్రెయిన్ కొరియా 21’ పథకం తెచ్చింది. ఎంపికైన విభాగాలకు డబ్బు బాగానే అందింది. కానీ దాంతోపాటే ఏటా ఎన్ని వ్యాసాలు అచ్చయ్యాయన్న లెక్క కూడా వచ్చింది. పాఠాలు చెప్పే పనిలో పెద్ద భాగం గంటల లెక్కన జీతమిచ్చే లెక్చరర్ల మీద పడింది.

వాళ్ల బతుకు ఎలా ఉంటుందో 2015లో వచ్చిన ఒక పుస్తకం కొరియా అంతటికీ చెప్పింది. ‘నేను రాజధానికి దూరంగా ఉన్న విశ్వవిద్యాలయంలో గంటల లెక్చరర్‌ని’ అన్నది దాని పేరుకు అర్థం. రాసిన మనిషి పేరు లేదు, అపార్ట్‌మెంట్ నంబరు లాంటి కలంపేరు మాత్రమే ఉంది. ఆయన కిమ్ మిన్-సప్ అని తర్వాత తెలిసింది. ఆధునిక కొరియన్ సాహిత్యం మీద పరిశోధన చేస్తూ, తరగతులు చెబుతూ, ఆయన మెక్‌డొనాల్డ్స్‌లో సరుకు దించే పని కూడా చేశారు. విశ్వవిద్యాలయం ఇవ్వని ఆరోగ్య బీమా ఆ పనిలో దొరికింది. పుస్తకం వచ్చాక ఆయన విశ్వవిద్యాలయం విడిచిపెట్టారు. తాగి బండి నడపలేనివాళ్ల కార్లను వాళ్ల ఇంటికి చేర్చే డ్రైవర్‌గా పనిచేసి, ఆ అనుభవంతో 2016లో మరో పుస్తకం రాశారు. నిలకడైన జీతం ఉంటే ఆయన సాహిత్య పరిశోధన ఎంత దూరం వెళ్లేదో ఇప్పుడు ఊహించుకోవాల్సిందే.

లెక్చరర్ల పోరాటాల ఫలితంగా 2019 ఆగస్టులో కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. కనీసం ఏడాది కాంట్రాక్టు, సెలవుల్లోనూ కొంత జీతం ఇవ్వాలని చెప్పింది. చట్టం మంచిదే. కానీ ఖర్చు పెరుగుతుందని విశ్వవిద్యాలయాలు ముందే మనుషులను తగ్గించుకున్నాయి. 2018 మొదటి సెమిస్టర్‌లో 58 వేలకు పైగా ఉన్న లెక్చరర్లు ఏడాది తిరిగేసరికి 47 వేల లోపుకు పడిపోయారు.

జపాన్ దారి వేరు. 1996లో ప్రభుత్వం పదివేల మంది పోస్ట్‌డాక్టొరల్ పరిశోధకులను నిలబెడతామని ప్రకటించింది. డాక్టరేట్లు పెరిగాయి కానీ ఆ తర్వాత చేరాల్సిన కొలువులు పెరగలేదు. 2004లో జాతీయ విశ్వవిద్యాలయాలను కార్పొరేషన్లుగా మార్చి, వాటికిచ్చే నిర్వహణ నిధులను ఏటా కొంచెం కొంచెంగా కోస్తూ వచ్చారు. 2015 జూన్‌లో విద్యాశాఖ పంపిన ఒక లేఖ, మానవీయ, సామాజిక శాస్త్రాల విభాగాలను మూసేయడమో, సమాజ అవసరాలకు తగ్గట్టు మార్చడమో ఆలోచించమంది. దేశమంతా దుమారం రేగింది. ఇంకోపక్క, పదేళ్లు కాంట్రాక్టులో పనిచేసిన పరిశోధకులు శాశ్వత కాంట్రాక్టు కోరవచ్చని చట్టం చెప్పింది. ఆ గడువు 2023 వసంతంలో దగ్గరపడేసరికి, పదేళ్లు నిండకముందే కాంట్రాక్టులు ఆపేస్తున్నారని పరిశోధకులు రోడ్డెక్కారు. డాక్టరేట్‌లో చేరేవాళ్లు 2003లో 18 వేలకు పైగా ఉండేవారు. తర్వాతి ఏళ్లలో ఆ సంఖ్య 15 వేల దిగువకు వచ్చింది. కుర్రవాళ్లు అన్నీ చూస్తున్నారు.

ఏ భాషలో రాస్తే లెక్కలోకి వస్తుంది?

తైవాన్‌లో గొడవ వ్యాసాల లెక్క దగ్గర వచ్చింది. 2003లో అక్కడి విద్యాశాఖ విశ్వవిద్యాలయాలకు ర్యాంకుల పట్టిక ప్రకటించింది. అంతర్జాతీయ సూచికల్లో చేరిన పత్రికల్లో ఎన్ని వ్యాసాలు వచ్చాయన్నదే కొలత. ఆ పత్రికల్లో అత్యధికం ఇంగ్లిష్‌వి. ఊరి గుడి ముందు ఆడే తైవాన్ నాటకం మీద చైనీస్‌లో రాసిన లోతైన పుస్తకం కన్నా, ఇంగ్లిష్‌లో వచ్చిన ఎనిమిది పేజీల వ్యాసానికి విలువ ఎక్కువైంది. సామాజిక, మానవీయ శాస్త్రాల వాళ్లు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. నయా ఉదారవాద కాలంలో జ్ఞానం ఎలా తయారవుతోందన్న చర్చను చెన్, ఆయన సహచరుడు 2009లో అదే ఇంటర్-ఏషియా పత్రికలో రాశారు.  యువ పరిశోధకులకు ఉద్యోగం రావాలంటే మాత్రం అలాంటి సూచికల్లోని పత్రికల్లో రాయక తప్పదు.

నిబంధన చిన్నదిగానే కనిపిస్తుంది, దెబ్బ మాత్రం పెద్దది. కాంట్రాక్టు ఏడాది, రెండేళ్లు ఉంటుంది. ఆలోపు వ్యాసాలు చూపించాలి. కొత్త భాష నేర్చుకోవడానికి మూడు నాలుగేళ్లు పెట్టే ధైర్యం ఎవరికుంటుంది? ముందే వచ్చిన ఇంగ్లిష్‌తో, ఇంట్లో కూర్చుని తేల్చగలిగే విషయాన్ని ఎంచుకోవడమే క్షేమం. అలా ఎంచుకున్నవాళ్లను తప్పుపట్టలేం. పక్కదేశపు భాష, పాత పత్రికలు, ఊళ్లు, మనుషులు ఆ లెక్కలో రాలిపోతున్నాయి. ఆసియాను నేరుగా చదవాలన్న ఆశకు కావలసినవే అవి.

తెలుగువాళ్లకూ ఇది దూరపు సంగతి కాదు. ‘ఆర్ఆర్ఆర్’ 2022 అక్టోబర్‌లో జపాన్‌లో విడుదలై, అక్కడ అంతవరకు రజనీకాంత్ ‘ముత్తు’ పేరిట ఉన్న వసూళ్ల రికార్డును దాటింది, నెలల తరబడి ఆడింది. అక్కడి అభిమానులు ఆ సినిమాలో ఏం చూశారో చెప్పాలంటే తెలుగు, జపనీస్ రెండూ వచ్చిన పరిశోధకులు కావాలి. హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో జపనీస్, కొరియన్, చైనీస్, అరబ్బీ నేర్పుతున్నారు. కాబట్టి మొదటి మెట్టు ఉంది. ఆ తర్వాతి ఐదారేళ్లు ఎవరు పోషిస్తారన్నదే ప్రశ్న. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ చేతబట్టుకుని గెస్ట్ ఫ్యాకల్టీగా, అకడమిక్ కన్సల్టెంట్‌గా ఏళ్లు గడిపేవాళ్లకు జవాబు తెలుసు.

విశ్వవిద్యాలయం బయట

అందరూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. సియోల్‌లో పాత కొరియన్ సాహిత్యం చదివిన కో మి-సుక్‌కు విశ్వవిద్యాలయంలో కొలువు దొరకలేదు. 1990ల చివర ఆమె ఒక చదువుల గది తెరిచారు. మరో బృందంతో కలిసి అది ‘సుయు-నోమో’ అనే పరిశోధకుల సముదాయం అయింది. కలిసి వండుకోవడం, కలిసి తినడం, కలిసి చదవడం, బయటివాళ్లకు తక్కువ రుసుముతో పాఠాలు చెప్పడం వాళ్ల పద్ధతి. 1780లో చైనా వెళ్లిన కొరియా పండితుడు పాక్ చి-వొన్ రాసిన యాత్రా గ్రంథం మీద కో మి-సుక్ 2003లో తెచ్చిన పుస్తకాన్ని మామూలు పాఠకులు ఇష్టంగా చదివారు. ఆ సముదాయం తర్వాత కొన్ని బృందాలుగా విడిపోయింది, కానీ ఆ బృందాల పని ఆగలేదు. హైదరాబాద్‌లో 1985లో మొదలైన అన్వేషి కూడా స్త్రీల గురించిన పరిశోధనను విశ్వవిద్యాలయ గోడలకు బయట నిలబెట్టింది. సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో 2001లో పెట్టిన ఆసియా పరిశోధన సంస్థ, ఆసియా దేశాల పరిశోధక విద్యార్థులకు కొద్ది వారాలు అక్కడుండి చదువుకునే ఫెలోషిప్పులిచ్చింది.

ఇవన్నీ కావలసినవే. అయితే పదిమంది కలిసి వండుకుంటే అద్దె భారం తగ్గుతుందేమో గానీ, పిల్లల ఫీజు, తల్లిదండ్రుల ఆస్పత్రి బిల్లు తీరవు. ఇంటి నుంచి డబ్బు వచ్చేవాళ్లే ఈ చదువులో మిగిలితే, చిన్న పట్టణాల నుంచి, రైతు కూలీ కుటుంబాల నుంచి వచ్చే పిల్లలు అడిగే ప్రశ్నలు పరిశోధనలోకే రావు. ప్రజల డబ్బుతో నడిచే ఫెలోషిప్ అందుకే కావాలి.

మన దేశంలో 2015 అక్టోబర్‌లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ), జాతీయ అర్హత పరీక్ష (నెట్) లేకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో చేరిన పరిశోధకులకిచ్చే ఫెలోషిప్ ఆపేయాలని నిర్ణయించింది. ఢిల్లీలో విద్యార్థులు యూజీసీ కార్యాలయం ముందు బైఠాయించారు. లాఠీ దెబ్బలు తిన్నారు, చలిలోనూ కదల్లేదు. ఫెలోషిప్ కొనసాగింది. 2023 జనవరి నుంచి నెట్‌లో నెగ్గినవారికిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ నెలకు 37 వేల రూపాయలకు పెరిగినా, పీహెచ్‌డీ చేసే నాన్‌నెట్ పరిశోధకులకు మాత్రం 8 వేలే మిగిలింది. హాస్టల్ మెస్ బిల్లు, ఫోన్ రీచార్జ్, జిరాక్సులు పోతే ఆ డబ్బులో ఇంఫాల్ వెళ్లిరావడం కూడా కష్టం. ఆ మొత్తాన్ని పెంచడం, భాష నేర్చుకునే ఏడాదిని ఫెలోషిప్ కాలంలో విడిగా కలపడం, తెలుగులోనో మైతేయిలోనో రాసిన మంచి పుస్తకానికి ఉద్యోగ ఎంపికలో పూర్తి మార్కులివ్వడం. ఈ మూడూ యూజీసీ, విశ్వవిద్యాలయాలు తలుచుకుంటే చేయగలిగినవే.