సమచ్ఛేద విధానము – అవ్యక్త రాశులయందు దాని వినియోగము

భిన్నరాశులను కూడుటకు గాని తీసివేయుటకు గాని ముందుగా వాని హారములను సమానము చేయవలెను. ఈ క్రియకు ప్రాచీన గణితజ్ఞులు సమచ్ఛేదమనియు, సవర్ణనమనియు పేర్లిడిరి. హారము రాశియొక్క జాతిని, లవము దాని సంఖ్యను తెలుపును. జాతి ఏకము గానిదే సంఖ్యలు కలియవు. ఈ హేతువు నెరుగని విద్యార్థి 1/2, 1/3 లను కూడి 2/5 అని వ్రాయును. కూడగా వచ్చిన ఫలము మొదటి రాశికంటె తక్కువ యగుట అసంగతము గదా!

భాస్కరాచార్యుడు లీలావతియందు (క్రీ.శ. 1150) రెండు మార్గములు చూపెను. ఒకదాని హారముచే రెండవదాని లవహారములను పరస్పరము గుణించుట మొదటిది. హారములను సామాన్య గుణకముచే అపవర్తించి, వచ్చిన ఫలములచే గుణించుట రెండవది. ఆయన ఉదాహరణమునే గ్రహింతము: 1/14 నుండి 1/63 తీసివేయవలెను. మొదటి మార్గమున 63/882 – 14/882 = 49/882. రెండవ మార్గమున 14, 63 లను 7 చే అపవర్తింపగా 2, 9 వచ్చును; అప్పుడు 9/126 – 2/126 = 7/126. రెండును 1/18 కే సమానములు, రెండవది లఘుతరము. ఈ 126 వంటి కనిష్ఠ సామాన్య గుణిజమునే అంతకు పూర్వము, క్రీ.శ. 850 ప్రాంతమున, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమున 'నిరుద్ధము' అనెను. పావులూరి మల్లన తెనిగించినది ఈ గ్రంథమునే.

పై ఉదాహరణమున 7 కు బదులు అవ్యక్తమైన 'య' నుంచినచో హారములు 2య, 9య అగును. నిరుద్ధము 18య. కావున 1/2య – 1/9య = 9/18య – 2/18య = 7/18య. య = 7 అనుకొన్నచో మరల 1/18 లభించును. న్యాయము మారలేదు, రాశి మాత్రమే అవ్యక్తమైనది.

హారములకు సామాన్య గుణకము లేనిచో వాని గుణకారమే నిరుద్ధము. 3/య – 2/(య+1) అనునపుడు హారము య(య+1). లవము 3(య+1) – 2(య), అనగా య+3. ఇచ్చట రెండు జాగ్రత్తలు వలయును. వ్యవకలనమున ఋణచిహ్నము రెండవ లవమునకంతకును వర్తించును. హారము శూన్యమగు విలువలను, ఇచ్చట 0, –1 లను, అవ్యక్తమునకు కల్పింపరాదు. శూన్యహార రాశిని భాస్కరుడు 'ఖహర'మని వేరుగనే పరిగణించెను.

బీజగణితమునందును ఆయన సజాతీయములకే యోగవియోగములు, విజాతీయములకు పృథక్‌స్థితి యని నియమించెను. ఈ ఏకసూత్రతను ముందు బోధించినచో వ్యక్తావ్యక్త గణితములు రెండు శాస్త్రములని విద్యార్థి భ్రమపడడు.