ఆకు మనది, సారం ఎవరిది?

ఉప్పల్, నాచారం చుట్టుపక్కల ఒకప్పుడు చెలకలున్న చోట నేడు ఫ్యాక్టరీ గోడలు లేచాయి. అయినా ఖాళీ జాగాల్లో గాయపాకు, తంగేడు మొలుస్తూనే ఉన్నాయి. కొడవలి తెగితే గాయపాకు నలిపి పసరు పిండాలని కూలిజనం ఏ బడిలోనూ నేర్చుకోలేదు. తంగేడు చెక్కతో తోళ్ళు ఊనే విద్య ఊరవతలికి నెట్టబడ్డ తోలు పనివారిది.

ఈ మొక్కల్లో ఏముందో ఇప్పుడు ప్రయోగశాలలు తేలుస్తున్నాయి. ఉప్పల్ రోడ్డు మీదున్న ఐ.ఐ.సి.టి. వంటి సంస్థల్లో జరిగే పని ఇదే. పద్ధతి మనకు అంతుపట్టనిదేం కాదు. ఆకును ఎండబెట్టి, దంచి, ఆల్కహాలులో నానబెట్టి వడపోస్తారు. ద్రవం ఆవిరైపోగా మిగిలిందే సారం. డి.పి.పి.హెచ్. అనే ఊదారంగు ద్రావణంలో దాన్ని కలిపితే రంగు విరిగి పసుపుపచ్చకు తిరుగుతుంది. ఎంత విరిగితే ఆక్సీకరణను ఆపే శక్తి అంత ఉన్నట్టు. క్రిములను పెంచిన పళ్ళెంలో సారం అద్దిన కాగితం బిళ్ళ పెడతారు. చుట్టూ క్రిమి పెరగని వలయాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. తంగేడు చెక్కలో నాలుకకు తగిలే వగరు టానిన్లది. తోలును కుళ్ళకుండా కాచేవీ అవే.

అయితే పళ్ళెంలో క్రిమి చచ్చినంత మాత్రాన ఒంట్లో రోగం పోదు. మోతాదు తేలాలి, విషగుణం తేలాలి. కొడవలి గాయమైతే ఆసుపత్రికి పోయి ధనుర్వాతం సూది వేయించుకోవాల్సిందేనని మేము ప్రతి కూలి సభలో చెబుతున్నాం.

ఇక అసలు ప్రశ్న: లాభం ఎవరిది? పసుపు గాయం మాన్పుతుందన్న సంగతి మీద అమెరికాలో 1995లో పేటెంటు ఇచ్చారు. మన సి.ఎస్.ఐ.ఆర్. పాత గ్రంథాలు సాక్ష్యం చూపి 1997లో రద్దు చేయించింది. మరి ఆడకూలీల నోటిమాటకు ఏ గ్రంథం సాక్ష్యం?

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో కమిటీ ఉండాలి. అది ప్రజల జ్ఞానాన్ని రిజిస్టరుకెక్కించాలి. వ్యాపారులు లాభంలో వాటా ఇవ్వాలి. 2023లో సవరణ తెచ్చి, గ్రంథాలకెక్కిన జ్ఞానం వాడుకునేవారికి ఆ వాటా మినహాయించారు. నోటిమాట జ్ఞానానికైనా హక్కు నిలవాలంటే మనం మేలుకోవాలి.

మీ ఊళ్ళో ఆ రిజిస్టరు ఉందా? పంచాయతీని అడగండి. కలుపు తీసే చేతులకే ఆకు ఆనవాలు తెలుసు. కాబట్టి రిజిస్టరులో మన మాట, కమిటీలో మన మనిషి ఉండి తీరాలి.