పీపాలో పెరిగే వయసు

స్కాట్లండ్ పడమటి తీరాన ఐలా అనే చిన్న దీవి ఉంది నాయనా. అక్కడ సముద్రపు ఒడ్డున 1825లో పోర్ట్ ఎలెన్ డిస్టిలరీ పుట్టింది. 1980ల మొదట్లో విస్కీకి గిరాకీ తగ్గి, గోదాముల్లో సరుకు పేరుకుపోయింది. 1983లో స్కాట్లండ్‌లో చాలా డిస్టిలరీలతో పాటు ఇదీ మూతపడింది. పొయ్యి ఆరింది కానీ, పీపాల్లో పని ఆగలేదు. నాకు ముచ్చట గొలిపేది ఆ పనే.

సింగిల్ మాల్ట్ అంటే మొలకెత్తించిన బార్లీ ఒక్కదానితో, ఒకే డిస్టిలరీలో చేసిన విస్కీ. పోర్ట్ ఎలెన్‌ విస్కీకి ఆ బార్లీని పీట్ అనే చిత్తడి నేల మట్టిని కాల్చిన పొగ మీద ఆరబెట్టేవారు. పొగలోని ఫినాల్స్ అనే ఘాటు వాసన పదార్థాలు గింజకు పట్టుకుని, విస్కీలోనూ వాసన వేస్తాయి. మరిగించి ఆవిరి పట్టే రాగి పాత్రల్లోంచి దిగినప్పుడు విస్కీ నీళ్లలా రంగు లేకుండా ఉంటుంది. రంగు ఇచ్చేది ఓక్ చెక్క పీపా. పీపా లోపలి గోడకు ముందే మంట చూపిస్తారు. ఆ వేడికి చెక్కలోని లిగ్నిన్ అనే పదార్థం విరిగి వెనిలిన్ తయారవుతుంది. ఐస్‌క్రీమ్‌లో మనకు తెలిసిన వెనీలా వాసన దానిదే.

చెక్క గాలిని పూర్తిగా ఆపదు. ఏటా నూటికి సుమారు రెండు వంతుల సరుకు ఆవిరైపోతుంది. అక్కడివాళ్లు దాన్ని దేవదూతల వాటా అంటారు. లెక్క వేసి చూడు, 250 లీటర్ల పీపాలో 35 ఏళ్లకు మిగిలేది దాదాపు సగమే.

పరిమాణంతో పాటు ఘాటూ తగ్గుతుంది. ఎందుకంటావా? ముసురు రోజున తడి బట్టలు ఆరవు కదా, గాలిలో అప్పటికే నీటి ఆవిరి నిండి ఉంటుంది గనక. ఐలా గోదాముల్లోనూ చల్లటి, తేమ గాలే. పీపాలోని నీరు అందులోకి తొందరగా పోలేదు. ఆ గాలిలో ఆల్కహాల్ ఆవిరి మాత్రం లేనట్టే, అందుకే ఆల్కహాల్ ముందు పోతుంది. సాధారణంగా 63.5 శాతంతో నింపిన పీపా ఏళ్ల తరబడి దిగుతూ వస్తుంది. 40 శాతం కంటే కిందికి పడిపోతే చట్టం దాన్ని స్కాచ్ విస్కీగా ఒప్పుకోదు. అందుకే ముసలి పీపాలను కాపాడేవాళ్లు అప్పుడప్పుడు నమూనా తీసి, రుచి చూసి, శాతం కొలిచి, అదను దాటకుండా సీసాల్లోకి ఎత్తుతారు. ఆలస్యమైతే చెక్క వగరు కూడా విస్కీని మింగేస్తుంది.

2024లో పోర్ట్ ఎలెన్ మళ్లీ తెరిచారు. పాత నమూనాలోనే కొత్త రాగి పాత్రలు పెట్టారు. అయినా ఆ ఏడాది పీపాలో పోసిన సరుకుకు నలభై ఏళ్లు నిండేది 2064లోనే. ఎంత డబ్బున్నా ఈ కాలాన్ని కొని తేలేం. 1983కు ముందు నింపిన పీపాలు అంత అపురూపం కావడానికి కారణం ఇదే.

ఒక్క మాట గుర్తుంచుకో నాయనా. గాజు సీసాలో విస్కీకి వయసు పెరగదు. పన్నెండేళ్ల విస్కీని బీరువాలో ఇరవై ఏళ్లు దాచినా అది పన్నెండేళ్లదే. ఎవరైనా పాత సీసా అని గొప్పగా చూపిస్తే, పీపాలో ఎన్నేళ్లుందో అడుగు.